భిక్షువులకు భోజన దానం: పిలుపు నుంచి పుణ్యానుమోదన దాకా

థేరవాద బౌద్ధ భిక్షువు వండుకోడు. ఇవాళ పుచ్చుకున్న అన్నాన్ని రేపటికి దాచుకోడు. మధ్యాహ్నం దాటితే భోంచేయడు. జబ్బు చేస్తేనో, "ఏం కావాలన్నా చెప్పండి భంతే (స్వామీ)" అని ఎవరైనా ముందే మాట ఇస్తేనో తప్ప ఫలానాది కావాలని అడగడు. కాబట్టి ఆయన కడుపు నిండాలంటే ఎవరో ఒకరు సరైన వేళకు, సరైన పద్ధతిలో చేతికి అందించాలి. ఎంతో ప్రేమగా వండి తెచ్చిన వంటకాలు కూడా వేళ మించిపోయినందుకో, చేతికి అందించకుండా బల్ల మీద పెట్టేసినందుకో ముట్టుకోకుండానే మిగిలిపోతుంటాయి. ఇచ్చేవారి శ్రద్ధకు లోటుండదు, పుచ్చుకునేవారి నియమం తెలియకపోవడమే చిక్కు. అది తెలుసుకుంటే మిగతాదంతా సులువే.

ఇక్కడ చెబుతున్నది థేరవాదం, అంటే శ్రీలంక, బర్మా, థాయ్‌లాండ్ సంప్రదాయాల పద్ధతి. సికింద్రాబాద్ మహేంద్ర హిల్స్‌లోని ఆనంద బుద్ధ విహార కావచ్చు, బుద్ధగయలోని ఆయా దేశాల విహారాలు కావచ్చు, మీరు విదేశంలో ఉంటే దగ్గర్లోని సింహళ లేదా థాయ్ విహారం కావచ్చు, మూల నియమాలు ఒకటే. చిన్న చిన్న తేడాలు వచ్చినచోట చెబుతాను.

ముందు మీ ఇంటి లెక్క చూసుకోండి

అంగుత్తర నికాయ అనే ఉపదేశాల సంకలనంలో బుద్ధుడు సత్పురుషుడి దానానికి ఐదు లక్షణాలు చెప్పాడు: శ్రద్ధతో ఇవ్వడం, గౌరవంగా ఇవ్వడం, వేళకు ఇవ్వడం, మనసులో పట్టు లేకుండా ఇవ్వడం, తనకూ ఇతరులకూ హాని కలగకుండా ఇవ్వడం. చివరిది చాలామంది మరిచిపోతారు. అప్పు చేసి సంఘదానం (భిక్షుసంఘానికి ఇచ్చే దానం) పెట్టకండి. సంపాదించినదాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చెప్పిన సుత్తంలోనూ (ఉపదేశంలోనూ) తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు, పనివారు ముందు వస్తారు, శ్రమణులకు ఇచ్చేది ఆ తర్వాతే. వంటకు మనిషిని పెట్టుకుంటే ఆ కూలి కూడా దానం ఖర్చులోనే లెక్కవేసి అదే రోజు ఇచ్చేయండి.

ఐదుగురు భిక్షువులకు భోజనం పెట్టే స్తోమత లేకపోతే ఒకరికి పెట్టండి. అదీ కుదరకపోతే పొద్దున విహారానికి వెళ్లి ఒక గరిటె అన్నం పాత్రలో వేసి రండి. అది కూడా పూర్తి దానమే.

పిలవడం

కనీసం వారం పది రోజుల ముందు విహారానికి వెళ్లి లేదా ఫోన్ చేసి అడగండి. చాలా విహారాల్లో ఏ రోజు దానం ఎవరిదో రాసుకునే పుస్తకమో క్యాలెండరో ఉంటుంది. పౌర్ణమి రోజులు, ముఖ్యంగా వైశాఖ పౌర్ణమి, త్వరగా నిండిపోతాయి. మామూలు మంగళవారాలు ఖాళీగా ఉంటాయి. నిజానికి విహారానికి అవసరం ఆ మామూలు రోజుల్లోనే ఎక్కువ.

మీకు నచ్చిన భంతే పేరు చెప్పి పిలిస్తే అది ఆ వ్యక్తికి ఇచ్చే దానం అవుతుంది. పేరు చెప్పకుండా "సంఘం తరఫున ఐదుగురిని పంపండి" అంటే సంఘదానం. దక్ఖిణావిభంగ సుత్తంలో బుద్ధుడు వ్యక్తికిచ్చే దానం కంటే సంఘానికిచ్చే దానాన్నే పైన పెట్టాడు. సంఘం పంపితే వచ్చింది ఒక్కరే అయినా, ఆయన నిన్ననే దీక్ష తీసుకున్న సామణేరుడైనా (ఇంకా పూర్తి భిక్షువు కాని శిష్యుడైనా), అది సంఘదానమే. వచ్చినవారిని చూసి మొహం చిన్నబుచ్చుకోకండి.

పిలిచేటప్పుడు వంటకాల పేర్లు చెప్పకండి. "అన్నం తినడానికి రండి", "బిర్యానీ చేస్తున్నాం రండి" అని భోజనం పేరు పెట్టి నలుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది భిక్షువులను పిలిస్తే, గణభోజన నియమం వల్ల వారు ఆ పిలుపును మన్నించడం కష్టం. "భంతే, ఫలానా రోజు మా ఇంట్లో దానం స్వీకరించండి" అంటే సరిపోతుంది. ఎవరికైనా షుగర్, బీపీ ఉన్నాయా, దంతాల ఇబ్బంది ఉందా అన్నది భంతేలను కాకుండా విహారం పనులు చూసే ఉపాసకులను (గృహస్థ భక్తులను) అడిగి తెలుసుకోండి. భిక్షువుల్లో చాలామంది పెద్ద వయసువారు, పెట్టినది కాదనరు. ప్రతి ఇంట్లో గులాబ్ జామూన్లు పెడితే నష్టపోయేది వారి ఆరోగ్యమే.

ప్రయాణం సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. భిక్షువు ఒంటరిగా స్త్రీతో ప్రయాణం చేయకూడదు, స్త్రీతో ఒక గదిలో ఒంటరిగా కూర్చోకూడదు. కారు నడిపేది ఆడవారైతే తోడుగా ఒక మగమనిషి ఉండాలి. దానం ఇచ్చే ఇంట్లో అందరూ ఆడవారే అయితే తెలిసినవారిలో ఒకరిని ఆ పూటకు రమ్మనండి, లేదా దానాన్ని విహారంలోనే పెట్టుకోండి.

పన్నెండు గంటలు అనుకోకండి

భోజనం ముగియాల్సింది గడియారంలో పన్నెండుకు కాదు, సూర్యుడు నడినెత్తికి వచ్చే లోపు. ఈ వేళ ఊరిని బట్టీ, నెలను బట్టీ మారుతుంది. హైదరాబాద్‌లో నవంబరు మొదట్లో అది సుమారు 12:00కు వస్తుంది, ఫిబ్రవరి మధ్యలో 12:30 దాకా పోతుంది. విజయవాడలో నవంబరు మొదట్లో 11:51. విశాఖపట్నంలోనైతే అదే రోజుల్లో 11:41కే మధ్యాహ్నం అయిపోతుంది. కార్తీక మాసంలో విశాఖలో "పన్నెండు దాకా టైముంది" అనుకుని వడ్డిస్తే భంతేలు సగం భోజనంలో చేయి కడుక్కోవలసి వస్తుంది. ఏ తేదీకైనా మీ ఊరి మధ్యాహ్న వేళ పంచాంగం యాప్‌లో దొరుకుతుంది. విదేశాల్లో ఉన్నవారు వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరిగిన సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొన్ని విహారాలు ఏడాది పొడవునా గడియారపు పన్నెండునే హద్దుగా పెట్టుకుంటాయి, కాబట్టి ఒకసారి అడగండి. రెండింటిలో ఏది ముందు వస్తే దానికే సిద్ధపడండి.

హద్దు 12:00 అనుకుంటే వేళలు ఇలా పెట్టుకోవచ్చు. 10:15కు భిక్షువుల రాక. 10:30కు త్రిశరణం (బుద్ధ, ధర్మ, సంఘాల శరణు), పంచశీలం (ఐదు శీలాల స్వీకారం). 10:40కు బుద్ధపూజ. 10:50కు దానం సమర్పణ, చేతికి అందించడం. 11:00కల్లా భోజనం మొదలు. 11:40కి ముగింపు. ఉపదేశం, పుణ్యానుమోదన (దానం వల్ల వచ్చిన పుణ్యాన్ని పంచడం) ఆ తర్వాత తీరుబడిగా జరుగుతాయి, వాటికి వేళ హద్దు లేదు. ఫొటోలు, పరిచయాలు కూడా అప్పుడే. ఆలస్యం ఎక్కువగా ఆ మొదటి పావుగంటలోనే మొదలవుతుంది.

వంట

ఐదుగురు భిక్షువులు, పదిహేను మంది ఇంటివారు, బంధువులు అనుకుందాం. రెండున్నర నుంచి మూడు కిలోల బియ్యం, ముప్పావు కిలో కందిపప్పు, రెండు కూరలకు రెండేసి కిలోల కూరగాయలు, రెండు లీటర్ల పెరుగు చాలు. పన్నెండు రకాలు చేయాలని లేదు. నలభై నిమిషాల భోజనంలో పన్నెండు గిన్నెలు అందించడానికే పది నిమిషాలు పోతాయి. కారం మామూలు కంటే తగ్గించండి. శ్రీలంక నుంచి వచ్చినవారికి మన కారం అలవాటుగానే ఉంటుంది కానీ, అందరికీ అలా ఉండదు.

మాంసం గురించి స్పష్టంగా చెప్పాలి. థేరవాద భిక్షువు మాంసం, చేప తినవచ్చు. అయితే ఆ ప్రాణిని తన కోసమే చంపారని చూసి ఉండకూడదు, విని ఉండకూడదు, అనుమానం రాకూడదు. మన ఊళ్లలో చికెన్ షాపుకు వెళ్తే చూపించిన కోడిని అప్పటికప్పుడు కోసి ఇస్తారు. దానం కోసం అలా కోయిస్తే ఈ నియమం తప్పినట్టే. పైగా ప్రాణిని చంపకూడదన్న మీ మొదటి శీలం కూడా పోతుంది. ఏనుగు, గుర్రం, కుక్క, పాము, సింహం, పులి వంటి పది రకాల మాంసాలు ఎలాగూ నిషిద్ధం. శాకాహారం చేస్తే ఈ ప్రశ్నలేవీ రావు, మా సలహా అదే. చైనా, వియత్నాం సంప్రదాయాల మహాయాన భిక్షువులు, భిక్షుణులు అయితే పూర్తి శాకాహారులు. వారికి ఉల్లి, వెల్లుల్లి కూడా వేయకూడదు.

పండ్లలో మొలకెత్తే గింజలు ఉంటే వాటిని భిక్షువు నేరుగా తినలేడు, అది మొక్కకు హాని కలిగించినట్టు అవుతుంది. ద్రాక్ష, జామ, దానిమ్మ, కమలా అలాంటివే. గింజ తీసేసి ముక్కలు కోసి పెడితే చిక్కు లేదు. అలాగే పెట్టాలనుకుంటే కప్పియం చేయాలి, అంటే భిక్షువు తినదగినదిగా చేయాలి. భంతే "కప్పియం కరోహి" అంటారు, మీరు చాకుతోనో గోరుతోనో పండును కాస్త గుచ్చుతూ "కప్పియం భంతే" అంటారు. ఒకదానికొకటి తగులుతూ ఒకే పళ్లెంలో ఉన్న పండ్లలో ఒక్కదానికి చేస్తే అన్నిటికీ చేసినట్టే. గింజ లేని అరటిపండుకు ఇదేమీ అక్కర్లేదు. వండిన కూరల్లో గింజల గురించి ఆలోచించకండి.

చేతికి అందించడం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. నీళ్లు, పళ్లు తోముకునే పుల్ల తప్ప, నోట్లోకి వెళ్లే ప్రతిదాన్నీ ఎవరో ఒకరు అందిస్తేనే భిక్షువు తినగలడు. బల్ల మీద బఫే లాగా పరిచి "వడ్డించుకోండి భంతే" అంటే వారు అలాగే కూర్చుని ఉంటారు.

అందించేటప్పుడు చూసుకోవలసినవి ఇవి. గిన్నె ఒక మామూలు మనిషి ఒక్కడే ఎత్తగలిగేంత బరువు ఉండాలి. ఇద్దరు మోసే అండాను అలాగే సమర్పించడం కుదరదు, చిన్న గిన్నెల్లోకి తీయండి. మీరు భంతేకు రెండున్నర మూరల లోపు, అంటే సుమారు ఒకటింబావు మీటరు దూరంలో ఉండాలి. ఇస్తున్నట్టు కాస్త వంగి, రెండు చేతులతో ముందుకు చాపాలి. ఆయన చేత్తోనో, పాత్రతోనో, పరిచిన వస్త్రంతోనో అందుకుంటారు. థాయ్ భిక్షువులు స్త్రీల చేతి నుంచి నేరుగా తీసుకోరు, ముందు ఒక గుడ్డ పరుస్తారు, దాని మీద పెట్టాలి. శ్రీలంక భిక్షువులు నేరుగా అందుకుంటారు. గుడ్డ పరిచారంటే అవమానం అనుకోకండి.

అందించేశాక ఆ గిన్నెను మళ్లీ ముట్టుకోకండి. సర్దుదామని కాస్త పక్కకు జరిపినా తిరిగి సమర్పించాలి. పిల్లలు పళ్లెం లాగకుండా ఒకరు చూసుకోండి. దానికి తగ్గట్టు పని పంచుకోవడం మేలు: అందించడానికి ఇద్దరు, వంటింట్లోంచి తెచ్చేందుకు ఇద్దరు, ఆ నలుగురూ మధ్యలో మారకూడదు.

మన కొసరి వడ్డన గురించి ఒక మాట. "ఇంకొంచెం, ఇంకొక్క గరిటె" అని బతిమాలడం మనకు మర్యాద. భిక్షువు విషయంలో అది ఇబ్బంది పెడుతుంది. భోజనం మధ్యలో దగ్గరికి తెచ్చి ఇవ్వబోయినదాన్ని వద్దన్నాక, ఆ ఆసనం నుంచి లేస్తే ఆ రోజు ఆయన మళ్లీ భోంచేయలేడు. అందుకే తీపి, పండ్లు, పెరుగు సహా అన్నీ మొదట్లోనే అందించేసి కాస్త దూరంగా కూర్చోండి. పాయసాన్ని చివర్లో తేవాలని దాచిపెట్టకండి.

ఆ పూట వరుస

ఆసనాల మీద ఉతికిన తెల్ల గుడ్డ పరచండి. నేల మీద పరుపైనా, కుర్చీ అయినా ఫర్వాలేదు, మీరు మాత్రం అంతకంటే ఎత్తులో కూర్చోకూడదు. గడప దగ్గర భంతేల పాదాలు కడిగి తుడవడం సింహళ ఇళ్లలో ఆనవాయితీ. మనకూ అది కొత్తేమీ కాదు. వారిని ముందుగా బుద్ధ ప్రతిమ వైపు నడిపించండి. వండిన ప్రతిదాంట్లోంచి కాస్తంత చిన్న పళ్లెంలో తీసి, పూలు, దీపం, నీళ్లతో బుద్ధపూజకు పెట్టండి. ఎవరూ రుచి చూడకముందే ఈ భాగం తీసి ఉంచాలి.

పంచశీలం తీసుకున్నాక పెద్ద భంతే చెబుతుంటే అందరూ కలిసి అనాలి: "ఇమం భిక్ఖం సపరిక్ఖారం భిక్ఖుసంఘస్స దేమ". ఈ భిక్షను, దానితోపాటు ఉన్న వస్తువులను భిక్షుసంఘానికి ఇస్తున్నాం అని. మూడుసార్లు అని, "సాధు సాధు సాధు" అన్నాక అందించడం మొదలుపెట్టండి. మొదట పెద్ద భంతేకు, ఆ తర్వాత దీక్ష వయసు వరుసలో. జుట్టు నెరిసిందా అన్నది లెక్క కాదు, ఎన్ని వర్షావాసాలు (వానాకాలంలో మూడు నెలలు ఒకేచోట ఉండటం) గడిచాయన్నదే లెక్క. వారు కూర్చున్న వరుసే మీకు చాలు.

భోజనమయ్యాక నీటి ధార. ఒక పళ్లెంలో గిన్నె పెట్టి, చిన్న చెంబుతో నీళ్లు నెమ్మదిగా పోస్తూ, గిన్నె నిండి పళ్లెంలోకి పొర్లేదాకా ఆపకుండా పోయాలి. కుటుంబంలో అందరూ చెంబును పట్టుకోవాలి, చేయి అందనివారు పట్టుకున్నవారి భుజం తాకాలి. "ఇదం మే ఞాతీనం హోతు, సుఖితా హోంతు ఞాతయో" అని మూడుసార్లు అనాలి: ఈ పుణ్యం నా జ్ఞాతులకు చెందుగాక, వారు సుఖంగా ఉందురుగాక. చనిపోయినవారి పేర్లు ముందే కాగితం మీద రాసి ఇస్తే భంతే చదువుతారు. ఆ నీళ్లను చెట్టు మొదట్లో పోయండి.

ఇలా ఇంటిల్లిపాదీ కలిసి ఇవ్వడం, పేరుపేరునా పుణ్యం పంచడం మన నేల మీద చాలా పాత పద్ధతి. అమరావతి స్తూపానికి పూర్ణఘట (నిండు కలశం చెక్కిన) శిల ఇచ్చిన తోలుపని చేసే విధికుడు తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్లతో కలిసి ఇస్తున్నానని శాసనంలో చెక్కించాడు. నాగార్జునకొండలో 3వ శతాబ్దంలో, తామ్రపర్ణి (శ్రీలంక) థేరుల (పెద్ద భిక్షువుల) కోసం చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిసిరి పుట్టింటివారినీ అత్తింటివారినీ వరుసపెట్టి తలచుకుంది. మీ కాగితంలోనూ రెండు వైపులవారూ ఉండాలి.

మిగిలిన అన్నం ఇంటికి వచ్చినవారు తినవచ్చు. భంతేలకు సాయంత్రానికి గానీ మర్నాటికి గానీ కట్టివ్వకండి, వారు ఉంచుకోలేరు.

మధ్యాహ్నం తర్వాత, ఇతర వస్తువులు

మధ్యాహ్నం దాటాక ఇవ్వగలిగినది గిలానపస, అంటే మధ్యాహ్నం తర్వాత తాగదగిన పానీయం. మామిడి, నేరేడు, ద్రాక్ష వంటి పండ్ల రసాన్ని గుజ్జు లేకుండా గుడ్డలో వడగట్టి, నిప్పు మీద కాచకుండా ఇవ్వవచ్చు. నిమ్మరసం, పాలు కలపని టీ సరే. మిరియాలు, శొంఠి వేసి వడగట్టిన మన బెల్లం పానకం ఈ వేళకు బాగా సరిపోతుంది. మజ్జిగ, పాలు భోజనం కిందే లెక్క, ఇవ్వకండి. కొబ్బరి, తాటి, పనస, పుచ్చ వంటి పెద్ద కాయల రసం కూడా పనికిరాదు, అంటే ఎండలో వచ్చిన భంతేకు కొబ్బరిబొండం మధ్యాహ్నం లోపే ఇవ్వాలి.

బియ్యం, పప్పు బస్తాలు భంతే చేతికి ఇవ్వకండి, విహారం వంటశాలలో అప్పగించండి. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం మాత్రం ఔషధంగా ఏడు రోజులు ఉంచుకోవచ్చు. మందులు ఎన్నాళ్లైనా ఉంచుకోవచ్చు.

దుకాణాల్లో దొరికే, దానం సామాను నింపిన పసుపుపచ్చ బకెట్లు, సిద్ధంగా కట్టిన అష్టపరిష్కారాలు (భిక్షువుకు కావలసిన ఎనిమిది వస్తువులు) కొనేముందు విప్పి చూడండి. పైన సబ్బులు, అడుగున అట్టముక్కలు ఉంటాయి, లోపలి చీవరం (భిక్షువు కట్టే వస్త్రం) భుజం మీదికి కూడా రానంత కురచగా ఉంటుంది. విహారాల గదుల్లో ఇలాంటి బకెట్లు గుట్టలు పడి ఉంటాయి. ఆ డబ్బుతో విడిగా కొనండి: మంచి నూలు తువ్వాలు, బ్లేళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, దోమతెర, మోకాళ్ల నొప్పి మందు. ఏది అవసరమో విహారం ఉపాసకులు చెబుతారు.

డబ్బు

తాంబూలంలో నూటపదహార్లు పెట్టి ఇవ్వడం మన అలవాటు. భిక్షువుకూ, సామణేరుడికీ అలా ఇవ్వకండి. నేడు నగరాల్లో డబ్బు తీసుకునే భిక్షువులు ఉన్నారు, అయినా నియమం పాటించడానికి మీరు సాయపడటమే మంచిది. పద్ధతి ఇది: "భంతే, మీ పనులు చూసే ఉపాసకులు ఎవరు?" అని అడగండి. ఆయన చూపించినవారికి డబ్బు అప్పగించి, తిరిగి వచ్చి "ఇంత విలువకు తగ్గ వస్తువుల కోసం ఫలానావారి దగ్గర ఏర్పాటు చేశాం, అవసరమైనప్పుడు వారితో చెప్పండి" అనండి. "ఈ డబ్బు మీదే, తీసుకోండి" అన్న మాట రాకూడదు.

విహారం ట్రస్టుకు ఇస్తే రసీదు తీసుకోండి. విరాళం మీద పన్ను మినహాయింపు కావాలంటే ₹2,000 మించిన నగదుకు అది వర్తించదు, బ్యాంకు ద్వారా పంపాలి. కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ మినహాయింపే ఉండదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చేది విదేశీ విరాళమే. ఆ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉందో లేదో పంపే ముందే అడగండి, లేకపోతే చిక్కుల్లో పడేది విహారమే. భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉన్నవారికి ఈ అడ్డు లేదు.

విపశ్యన ధ్యాన కేంద్రాల పద్ధతి వేరు. గోయెంకా సంప్రదాయంలో శిబిరానికి రుసుము లేదు, కనీసం ఒక పది రోజుల శిబిరం పూర్తి చేసినవారి నుంచే విరాళం తీసుకుంటారు. హైదరాబాద్ ధమ్మఖేత్తలోనూ ఇదే నియమం.

కఠిన దానం చేయాలనుకుంటే

మూడు నెలల వర్షావాసం ముగిసిన ఆశ్వయుజ పౌర్ణమి మర్నాటి నుంచి కార్తీక పౌర్ణమి దాకా, ఆ ఒక్క నెలలోనే కఠిన చీవరం, అంటే వర్షావాసం చేసిన సంఘానికి ఇచ్చే వస్త్రం, ఇవ్వాలి. ఒక విహారానికి ఏడాదికి ఒకసారే. అక్కడ కనీసం ఐదుగురు భిక్షువులు ఉండాలి. కఠినం పెట్టమని భిక్షువులు ఎవరికీ సూచించకూడదు, కాబట్టి మీరే ముందుకు వచ్చి అడగాలి, వర్షావాసం మొదలయ్యే ఆషాఢంలోనే అడిగితే మేలు. ఇచ్చిన వస్త్రాన్ని ఆ రోజే కత్తిరించి, కుట్టి, రంగు వేసి, మర్నాడు తెల్లవారేలోపు ముగించాలి. అందుకని వస్త్రాన్ని సాయంత్రం కాకుండా పొద్దున్నే సమర్పించండి. కుట్టిన చీవరం కాకుండా తెల్ల బట్ట ఇస్తుంటే నూలుదే తీసుకోండి, పాలిస్టర్‌కు రంగు పట్టదు. కుట్టుమిషను, దారం, రంగు, కాచడానికి పెద్ద గిన్నె ముందురోజే విహారానికి చేర్చి, మిషను నడుస్తోందో లేదో ఒకసారి కుట్టి చూడండి.